జవాబు చక్కరు

మొన్న పొద్దున వాకిట్లో కుర్చీ వేసుకుని, చాయ్ గ్లాసు పక్కన పెట్టుకుని, ఫోనులో రేడియో వార్తలు వింటున్నాను. రేడియో కూడా ఇప్పుడు ఫోనులోనే వస్తుందని మా మనుమరాలు ఏదో నొక్కి పెట్టి పోయింది. చదివే అమ్మాయి గొంతు నిదానంగా, శుభ్రంగా ఉంది. "వరంగల్ జిల్లాలో" అని ఆమె మన ఊరి పేరు ఎత్తిందో లేదో, ఆమెను ఎవరో మెడ పట్టి పక్కకు నెట్టినట్టు ఒక మగ గొంతు దూకింది. మోకాళ్ళ నొప్పులతో బాధపడుతున్నారా అని అడిగింది. నా మోకాళ్ళ సంగతి వాడికెవరు చెప్పారు? ముందురోజు మా తమ్ముడితో ఫోనులో చెప్పుకున్న మాట నిజమే, కాని వీడితో చెప్పలేదే! తెల్లకోటు వేసుకున్న మనిషి బొమ్మ, చేతిలో సీసా, పక్కన పరుగెత్తే గుర్రం. ఏ ఊరు నీది, దుకాణం ఎక్కడ, నీ మందు తాగినా నొప్పి తగ్గకపోతే ఎవరి గల్లా పట్టుకోవాలి అని ఫోనునే గట్టిగా అడిగాను. లోపల్నుంచి మనుమరాలు, "స్కిప్ నొక్కు తాతా" అంది. నొక్కాను. అప్పటికి మా జిల్లా వార్త అయిపోయి, ఇంకేదో జిల్లాలో వానలు పడుతున్నాయి. మా జిల్లాలో ఏం జరిగిందో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ గుర్రం సంగతి మాత్రం బాగా తెలుసు.

నన్ను ప్రకటనలంటే గిట్టని ముసలాయన అనుకోకండి. నేను పెరిగిందే ప్రకటనల మీద. డెబ్బైల నుంచి ఎనభైల చివరిదాకా వరంగల్ గల్లీల్లో మైకు రిక్షాలో కూర్చుని అరిచిన గొంతు నాది. సినిమా మారినా, బట్టల దుకాణం తెరిచినా, సర్కసు దిగినా, ఎవరి మేక తప్పిపోయినా నేనే చెప్పాలి. బడిలో నేను నేర్చుకున్నది తక్కువ. సినిమా కరపత్రాలు, గోడల మీది అక్షరాలు, బజ్జీలు కట్టిచ్చిన పాత పేపరు ముక్కలు, ఇవే నా వాచకాలు. నూనె మరకకు అవతల ఏం రాసి ఉందో ఊహించి చదవడం వల్ల నాకు కొంత తెలివి వచ్చిందని ఇప్పటికీ అనుకుంటాను. ఇవాళ పెద్ద చదువులు చదివిన వాళ్ళు ఫోనులో వచ్చింది వచ్చినట్టు నమ్మి నలుగురికి పంపుతుంటే, వీళ్ళు నూనె మరకల కాగితం చదవలేదు కాబట్టే ఇట్లా అయ్యారని నాకు కోపం వస్తుంది.

మైకు సెట్టు మాది కాదు, అందరూ చాచా అని పిలిచే ఆయనది. మండి బజారు దగ్గర చిన్న దుకాణం ఆయనకు. పెళ్ళిళ్ళకు, దర్గా ఉర్సులకు, గణపతి పందిళ్ళకు, మీటింగులకు మైకులు కిరాయికి ఇచ్చేవాడు. అన్ని పార్టీల వాళ్ళూ ఒకే మైకు గరాటాలోంచి ఒకరినొకరు తిట్టుకునేవారు. చాచా మాత్రం బయట స్టూలు మీద కూర్చుని, ఎవరు తిట్టినా గొంతు స్పష్టంగా వస్తున్నదా లేదా అన్నదొక్కటే చూసేవాడు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మాట్లాడితే గొంతు మెల్లగా వచ్చేది. ఊరంతా అరిపించే మనిషి గట్టిగా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు.

ఆయనకొక పద్ధతి ఉండేది. ఇంకే ఊళ్ళోనూ, ఇంకే మైకు దుకాణంలోనూ అది నేను చూడలేదు. ఇవాళ ఏ గల్లీలో అరిచి వచ్చామో, రేపు అదే వేళకు అదే గల్లీకి మళ్ళీ పోవాలి. అయితే మైకు బందు పెట్టాలి. రిక్షా మెల్లగా పోవాలి. ఎవరు ఆపితే అక్కడ ఆగాలి. దానికి ఆయన పెట్టిన పేరు జవాబు చక్కరు, అంటే జవాబు వినడానికి తిరిగే చుట్టు. "నిన్న నువ్వు చెప్పినవ్, వాళ్ళు విన్నరు. ఇయ్యాల వాళ్ళు చెప్తరు, నువ్వు వినాలె బేటా" అనేవాడు. మొదట్లో నాకు ఈ చక్కరంటే వణుకు. ముందురోజు రాజులా పోయిన రిక్షా మర్నాడు దొంగలా పోయేది. రంగు దిగదని నేను అరిచిన చీరను ఒకామె బక్కెట్లో పెట్టుకుని గుమ్మంలోనే కాచుకుని కూర్చుంది. నీళ్ళన్నీ ఎర్రగా ఉన్నాయి. "ఏం కొడుకా, ఇది దిగుడు గాదా? మరి దీన్ని ఏమంటరు?" అని బక్కెట్టు నా ఒళ్ళో పెట్టింది. ఆ బక్కెట్టు అట్లాగే రిక్షాలో పెట్టుకుని బట్టల దుకాణానికి పోయాము. దుకాణాయన ముఖం చీర కంటే ఎర్రబడింది, చీర మార్చి ఇచ్చాడు. మార్చకపోతే చాచా రెండోసారి ఆ దుకాణం ప్రకటన ముట్టుకోడు. అట్లా ఆయన వదిలేసిన గిరాకీలు చాలా ఉన్నాయి. జుట్టు మొలిపించే నూనె వాడు వస్తే, చాచా తన టోపీ తీసి, ముందు ఇక్కడ మొలిపించి చూపెట్టమన్నాడు. వాడు మళ్ళీ రాలేదు.

ఈ చాచా దుకాణం తర్వాత నాకు రెండో బడి మా మేనత్త హోటలు. స్టేషను నుంచి ధాన్యం మండికి పోయే దారిలో రేకుల కప్పు, రెండు బెంచీలు, ఒక పొయ్యి. మామ చిన్న వయసులోనే పోయాడు. పిల్లల్లేరు. పొద్దున ఉడకబెట్టి పోపేసిన బొబ్బర్ల గుడాలు, బియ్యప్పిండి సర్వపిండి, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం మిర్చి బజ్జీలు, రోజంతా చాయ్. మండి హమాలీలు, రిక్షావాళ్ళు, వెనక గల్లీలో హాస్టలు పిల్లలు అందరూ అక్కడే తినేవారు. నేను అత్తమ్మా అని పిలిచినందుకు వాళ్ళు కూడా అత్తమ్మా అనేవారు. ఇంతమంది అల్లుళ్ళను మేపుతున్నాను, ఒక్కడన్నా గిన్నె కడగడు అని ఆమె ఎగతాళి చేసేది.

హోటల్లో గౌరవం ఎవరికంటే రేడియోకు. గోడకు కొట్టిన చెక్క మీద, పూసల అంచు కుట్టిన గుడ్డ కప్పుకుని కూర్చునేది. సాయంత్రం ప్రాంతీయ వార్తల వేళకు అత్తమ్మ గుడ్డ తీసి, చెయ్యి తుడుచుకుని, మీట తిప్పేది. సెట్టు వేడెక్కి గొంతు పలికేదాకా అందరూ దాని వంకే చూసేవారు. వార్తలు మొదలైతే ఎవరూ మాట్లాడకూడదు. బాండీ మీద గంటె తగిలి చప్పుడు కాకూడదని అత్తమ్మ బజ్జీలు తీయడం కూడా ఆపేది. ఆ కొద్ది సేపట్లో ఒక వాయి మాడేది. మాడిన బజ్జీలను హమాలీలు వార్తల బజ్జీలని పిలిచేవారు, ఇష్టంగానే తినేవారు. ఏ మందు కంపెనీ వాడూ మధ్యలో దూకి వాళ్ళ మోకాళ్ళ గురించి అడగలేదు. రేడియోలో ప్రకటనలు లేవా అంటే ఉన్నాయి, పాటల మధ్య వచ్చేవి, మేమూ వాటితో పాటు పాడేవాళ్ళం. కాని వార్తలు చదివే మనిషి నోటికి అడ్డం ఎవరూ చెయ్యి పెట్టేవారు కారు.

సాయంత్రం రేడియో అయితే, పొద్దున పేపరు. చదివేది నేను. బెంచీల మీద వాళ్ళలో చదువు వచ్చినవాళ్ళు తక్కువ, నా గొంతు ఎట్లాగూ కిరాయి గొంతు. చాచా దుకాణానికి పోయేముందు అత్తమ్మ దగ్గర చాయ్ తాగి, పేపరంతా గట్టిగా చదివిపోవడం నా కొలువు. అట్లా ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం మొదలయ్యే రోజుల్లో, ఒక పొద్దున చదువుతూ చదువుతూ జిల్లా పేజీ తిప్పాను. పైన లావు అక్షరాలు ఉన్నాయి. అవి కంటితో చదివి నోరు మూసుకున్నాను.

అత్తమ్మ సర్వపిండి తిప్పుతూ, వెనక్కి చూడకుండానే, "ఆగినవేందిరా? సదువు" అంది.

చదవక తప్పలేదు. హోటలు తిండి తిని విద్యార్థులకు వాంతులు. స్టేషను దారిలో ఒక మహిళ నడిపే గుడాల హోటలు. హాస్టలు పిల్లలు కొందరు మొన్న అక్కడ భోంచేసి, పెద్ద దవాఖానలో చేరారు. కుళ్ళిన కూరలు, శుభ్రం లేని గిన్నెలు, పట్టించుకోని అధికారులు. పేరు వేయలేదు కాని, పేరు వేయడం ఒక్కటే తక్కువ. ఆ దారిలో ఆడమనిషి నడిపే గుడాల హోటలు ఇంకోటి లేదు.

నేను చదవడం ముగించాను. అత్తమ్మ మెల్లగా వెనక్కి తిరిగి, "మొన్ననా?" అని అడిగింది. మొన్న అంటే మొన్నే. మొన్న అత్తమ్మ ఊళ్ళో లేదు. మరిది దినాలకు నెక్కొండ పోయింది. పొద్దున రైలుకు ఎక్కించి వచ్చింది నేనే. ఆ రోజంతా, మర్నాడు మధ్యాహ్నం ఆమె దిగేదాకా, హోటలుకు అరచేతి అంత ఇనప తాళం వేలాడింది. ఆ బెంచీల మీద కూర్చున్న ప్రతి మనిషీ ఆ తాళాన్ని చూసి, చాయ్ లేకుండా తిరిగిపోయినవాడే. అయినా ఒక హమాలీ చేతిలో సగం తిన్న సర్వపిండిని ఆకు మీద పెట్టి, చేతులు కడుక్కున్నాడు. ఇంకొకాయన కడుపు పట్టుకుని చూసుకున్నాడు. అన్నిటికంటే వింత పాలాయన. ఆ రోజు తాళం చూసి పాల క్యాను వెనక్కి తీసుకుపోయిన మనిషి ఆయన. ఆయనను పట్టుకుని, నువ్వే చెప్పు అన్నాను.

ఆయన గడ్డం గోక్కుని, "తాళం ఉన్నమాట నిజమే బిడ్డా. గని పేపర్ల పడ్డది గద. అచ్చుల పడ్డది అబద్ధమెట్లయితది? నేనే ఎటో చూసి ఇంకెవలదో తాళం అనుకున్ననో ఏమో" అన్నాడు.

ఇది నేను కల్పించి చెప్తున్న మాట కాదు. కళ్ళతో చూసిన తాళం కంటే అచ్చులో పడిన అక్షరం గట్టిదని ఆ మనిషి మనస్ఫూర్తిగా నమ్మాడు. ఆ రోజుల్లో మా వాళ్ళకు అచ్చు అంటే అంత భక్తి. మొదట నాకు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఈ భక్తికి తగ్గట్టు రాయవలసిన వాడి మీద కోపం వచ్చింది. అది ఇప్పటికీ పోలేదు.

రెండు రోజుల్లో బెంచీలు ఖాళీ అయ్యాయి. గుడాలు ఉడికి ఉడికి గిన్నెలోనే మిగిలాయి. సాయంత్రం అత్తమ్మ గుడ్డ తీసి రేడియో పెడితే, వార్తలు ఖాళీ బెంచీలకు చదివారు. ఒక్క బజ్జీ కూడా మాడలేదు. ఇంటి యజమాని వచ్చి చాలా మర్యాదగా, నలుగురూ నాలుగు విధాలా అంటున్నారు, నెల కాగానే ఖాళీ చేస్తే బాగుంటుందమ్మా అని చెప్పిపోయాడు. ఆ పొయ్యి తప్ప అత్తమ్మకు లోకంలో ఇంకో ఆధారం లేదు. నేను ఆమె తమ్ముడి కొడుకును కాబట్టి నా దగ్గర ఉండొచ్చు, కాని ఒకరి ఇంట్లో కూర్చుని తినడం ఆమె ఒంటికి పడేది కాదు.

ఆమెను తీసుకుని హనుమకొండలో పేపరు ఆఫీసుకు పోయాను. పైఅంతస్తు. ఇన్‌ఛార్జి అనే ఆయన కళ్ళద్దాల మీదుగా మమ్మల్ని చూసి, విషయం రాసుకుని, సవరణ వేస్తామన్నాడు. వేశాడు కూడా. టెండరు నోటీసుల కింద, భూతద్దం పెడితే కనిపించేటట్టు. అందులో కుళ్ళిన కూరలు, శుభ్రం లేని గిన్నెలు, వాంతులు అన్నీ మొదటి నుంచి మళ్ళీ రాసి, చివర్లో ఈ వార్తను హోటలు యజమానురాలు ఖండించారు అని ఒక ముక్క తగిలించారు. మొదటి వార్త చూడనివాళ్ళకు కూడా ఈసారి ఆ నోటా ఈ నోటా సంగతి తెలిసింది. ఖండించక ఏం చేస్తుంది, ఎవరైనా ఖండిస్తారు అనుకున్నారు. మీకెవరికైనా పేపరులో ఖండన వేయించుకునే ఉద్దేశం ఉంటే, నా మాట విని మానుకోండి.

ఇక నాకు తెలిసిన ఆయుధం ఒక్కటే. చాచా దుకాణానికి పోయి, రిక్షా ఇవ్వు, ఊరంతా తిరిగి ఆ పేపరు బండారం అరుస్తాను అన్నాను. చాచా బ్యాటరీలో నీళ్ళు పోస్తున్నాడు. పోయడం ముగించి మూత బిగించాడు. తర్వాత, "నువ్వు అరిస్తే అది పబ్లిసిటీ బేటా. సబ్బుకు అరిచిండు, సినిమాకు అరిచిండు, ఇప్పుడు అత్తకు అరుస్తాండు అంటరు" అన్నాడు.

మరి ఏం చేయమంటావని అడిగాను.

"రిక్షా తీస్కపో. నువ్వు తొక్కు. ఆమెను కూసోబెట్టు. మాట ఆమెది, మొకం ఆమెది. ఇయ్యాల చెప్తది, రేపు జవాబు చక్కరు తిరుగుతది. అబద్ధం చెప్పినోడు రెండోరోజు అదే గల్లీకి వస్తడా చెప్పు?"

అత్తమ్మ ఒప్పుకోదనుకున్నాను. ఆ రోజుల్లో మా ఊళ్ళో మైకు రిక్షాలో ఆడమనిషి గొంతు ఎవరూ వినలేదు. పార్టీల మీటింగులో అయితే వేరు, వీధిలో రిక్షా ఎక్కి మాట్లాడటమంటే నలుగురూ నవ్వుతారు. ఆమె పొయ్యి మీది గిన్నె దించి, లేచి, మంచి చీర కట్టుకుని వచ్చింది. చేతిలో ఆ ఇనప తాళం ఉంది. అదెందుకని అడిగితే, "సాక్షికి" అంది. నవ్వలేదు.

ఎండ చల్లబడ్డ వేళకు బయలుదేరాము. స్టేషను దారి, మండి దారి, హాస్టలు గల్లీ. మొదటి మలుపులో మైకు చేతికిచ్చాను. ఆమె దాన్ని గంటె పట్టుకున్నట్టు పట్టుకుంది. గొంతు సవరించుకుంటే ఆ చప్పుడు గల్లీ అంతా వినిపించి ఆమే ఉలిక్కిపడింది. తర్వాత మాట్లాడింది. అన్ని మలుపుల్లోనూ అదే మాట, ఎక్కువా తక్కువా లేకుండా:

"నేను గుడాల హోటలు దాన్ని మాట్లాడుతాన. మీరు పేపరు సదివిండ్రు, నాకు సదువు రాదు. ఆ దినం నేను మా మరిది దినాలకు నెక్కొండ పోయిన. నా హోటలుకు ఇగో ఈ తాళమున్నది. ఆ దినం నా దగ్గర తిన్నోళ్ళు ఎవలన్న ఉంటే, ఏం తిన్నరో వచ్చి నా మొకం మీద చెప్పుండ్రి. నేను తిట్ట. రేపు గూడ ఇదే యాళ్ళకు ఇదే గల్లీకి వస్త. మైకు ఉండది. మీరు మాట్లాడుండ్రి, నేను వింట."

ఎవరూ నవ్వలేదు. కిటికీలు తెరుచుకున్నాయి. ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. హాస్టలు ముందు ఆగినప్పుడు మాత్రం పైన వరండాలో నిలబడ్డ పిల్లలు ఒక్కొక్కరే లోపలికి జారుకోవడం నేను చూశాను. అత్తమ్మ కూడా చూసింది. రిక్షా కదపమంది.

మర్నాడు జవాబు చక్కరు. గరాటాలు మూగగా ఉన్నాయి. రిక్షా చక్రం కీచుమనడం తప్ప ఏ చప్పుడూ లేదు. అత్తమ్మ ఒళ్ళో తాళం పెట్టుకుని కూర్చుంది. మొదటి మలుపులోనే పాలాయన దారికి అడ్డం నిలబడ్డాడు. "తాళం నేను చూసిన చెల్లె. నీ తాళమే. నా క్యానెడు పాలు ఎనుకకు కొంటవోయిన. నిన్న నువ్వు చెప్తాంటె నాకే సిగ్గనిపించింది" అని అందరూ వినేటట్టు అన్నాడు. ఆ మాటతో ఎవరో నోటికి వేసిన గడియ తీసినట్టయింది. నేను చూశానంటే నేను చూశాననడం మొదలైంది. చాయ్ దొరక్క ఆ రోజంతా తల నొచ్చిందని ఒక హమాలీ సాక్ష్యం చెప్పాడు. వాళ్ళంతా రిక్షా వెనకే నడిచారు. హాస్టలు గల్లీకి చేరేసరికి మా వెనక ఒక ఊరేగింపు ఉంది. కాకపోతే నినాదాలు లేని ఊరేగింపు.

హాస్టలు ముందు ఆగాము. కాసేపు ఎవరూ రాలేదు. అత్తమ్మ ఓపిగ్గా కూర్చుంది. అప్పుడు మెట్లు దిగి ఒక పొడుగాటి పిల్లవాడు వచ్చాడు. ఏటూరునాగారం వైపు నుంచి వచ్చి చదువుకుంటున్నవాడు. అత్తమ్మ దగ్గర గుడాలు రెండోసారి పెట్టించుకునేవాళ్ళలో మొదటివాడు. ముఖం ఇంకా పాలిపోయే ఉంది. రిక్షా దగ్గరికి వచ్చి, మైకు పెట్టమని నన్ను అడిగాడు.

"మైకెందుకు బిడ్డా? నాకు చెప్తే సాలదా?" అంది అత్తమ్మ.

"సాలదు అత్తమ్మా. మేం అబద్ధం మెల్లగనే చెప్పినం. అదే ఊరంత తిరిగింది."

చాచా నియమం ప్రకారం జవాబు చక్కరులో మైకు పెట్టకూడదు. ఆ ఒక్కరోజు పెట్టాను. ఆ పిల్లవాడు చెప్పాడు. ఆ రోజు వాళ్ళు ఎక్కడ తిన్నారో తెలుసా? పెళ్ళిలో. పిలవని పెళ్ళి. ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, బంతిలో కూర్చుని, పప్పు నుంచి పెరుగు దాకా తిని వచ్చారు. ఎండకు పులిసిన పప్పు కడుపులో తిరగబడింది. అంతకుముందు ఒకసారి ఇట్లాగే పట్టుబడితే వార్డెను, మళ్ళీ పోతే ఇంటికి కబురు పంపుతానన్నాడట. ఆ భయానికి, దవాఖానలో ఎక్కడ తిన్నారని అడిగితే, రోజూ తినే చోటు పేరు చెప్పారు. ఆ రోజు పెళ్ళిలోనే ఉన్నారు కాబట్టి, ఇక్కడ తాళం ఉన్న సంగతి వాళ్ళకు తెలియనే తెలియదు.

గుంపులోంచి ఒకాయన, "పెండ్లి ఎవలది పిలగా?" అని అడిగాడు.

"తెల్వది" అన్నాడు వాడు, మైకులోనే.

గల్లీ గల్లీ అంతా నవ్వింది. వరండాలో నిలబడ్డ వార్డెను కూడా ముఖం అటు తిప్పుకున్నాడు. అత్తమ్మ మాత్రం నవ్వకుండా వాడిని దగ్గరికి పిలిచి, చెంప మీద మెల్లగా ఒకటి తట్టి, "పెండ్లిల తింటే తిన్నరు గని, నా పేరు మీద కక్కుడేందిరా?" అంది. అప్పుడు వాడు ఏడ్చాడు.

అక్కడితో అయిపోయిందని ఇంటికి తిప్పబోయాను. అత్తమ్మ, హనుమకొండకు పోనియ్యి అంది. పేపరు ఆఫీసు కింద రిక్షా ఆపించింది. మైకు బందు. వెనక అంత జనం, హాస్టలు పిల్లలతో సహా. ఎవరూ మాట మాట్లాడలేదు. పైనుంచి ఇన్‌ఛార్జి తొంగి చూశాడు. గరాటాల రిక్షా, జనం ఉన్నారంటే నినాదాలు ఉండాలి, రాళ్ళు ఉండాలి. అవి ఉంటే వాళ్ళకు మర్నాటికి ఇంకో వార్త. ఇవేవీ లేవు. ఒక ఆడమనిషి ఒళ్ళో తాళం పెట్టుకుని పైకి చూస్తూ కూర్చుంది. అరిచే మైకుకు ఎవరూ భయపడరని, అరవగలిగి అరవని మైకును చూస్తేనే కాళ్ళు ఆడవని నాకు ఆ రోజు తెలిసింది. కాసేపటికి ఇన్‌ఛార్జి, వార్త రాసిన విలేకరి ఇద్దరూ దిగి వచ్చారు. విలేకరి నా ఈడువాడే.

అత్తమ్మ అతన్ని ఒకటే అడిగింది. "బిడ్డా, రాసేముందు నా హోటలు కాడికి వచ్చినవా?"

"రాలేదమ్మా. దవాఖానల పిలగాండ్లనే అడిగిన" అన్నాడు అతను. తల ఎత్తలేదు. అబద్ధం చెప్పనందుకు అతని మీద నాకు కొంచెం గౌరవం కలిగిన మాట ఒప్పుకోవాలి.

"వస్తే నీకు తాళం కనపడుతుండె" అంది ఆమె. తర్వాత ఇన్‌ఛార్జితో, నా సంగతి ఎక్కడ పడిందో అక్కడే, అంత లావు అక్షరాల్లోనే మళ్ళీ పడాలి అంది. ఆయన పేపరుకొక పద్ధతి ఉంటుందమ్మా అని మొదలుపెట్టాడు. ఆమె తలూపి, "నాకూ ఉన్నది సారూ. రేపు గూడ ఇదే యాళ్ళకు వస్త" అని, నన్ను రిక్షా తిప్పమంది.

మళ్ళీ పోవలసిన పని పడలేదు. మర్నాడు పొద్దున జిల్లా పేజీ పైన, అదే చోట, అదే లావు అక్షరాల్లో, ఆ రోజు ఆ హోటలుకు తాళం అని పడింది. కింద ఆ విలేకరి, తాను వెళ్ళి చూడకుండా రాశానని కూడా రాశాడు. బెంచీలు నిండి, జనం బయట నిలబడి ఉన్నారు. ఇంటి యజమాని అందరి మధ్యలో కూర్చుని, నలుగురికీ కనిపించేటట్టు గుడాలు తింటున్నాడు. ఖాళీ చేయమన్న మాట ఆయన ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. నేను నా జన్మలో ఏ సినిమాకూ అరవనంత గట్టిగా ఆ వార్త చదివాను. చదివి అత్తమ్మ వంక చూశాను. ఆమె సర్వపిండి తిప్పుతూ, "అయిపాయె గద. ఎనుక ఏమున్నదో సదువు" అంది.

ఆ సాయంత్రం చాచా కూడా వచ్చాడు. టోపీ ఒళ్ళో పెట్టుకుని బెంచీ చివర కూర్చున్నాడు. అత్తమ్మ గుడ్డ తీసి మీట తిప్పింది. సెట్టు వేడెక్కింది. వార్తలు చదవడం మొదలైంది. బాండీలో బజ్జీలు ఎర్రబడుతున్నాయి, ఆమె గంటెను గాల్లో అట్లాగే పట్టుకుని నిలబడింది. రేడియోలో మా సంగతి రాలేదు, రావాలని ఎవరూ అనుకోలేదు కూడా. ఏవో దూరపు ఊళ్ళ వానలు, మంత్రుల పర్యటనలు. అయినా అంత ఆనందంగా నేను వార్తలు ఎప్పుడూ వినలేదు. వార్తలు అయ్యేసరికి వాయి మొత్తం నల్లగా మాడింది. హమాలీలు ఎగబడి తిన్నారు. చాచా ఒక వార్తల బజ్జీ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, ఊది, మెల్లగా కొరికాడు. మాడినా మంచిగున్నదని మెల్లగా అన్నాడు.

అత్తమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ పొయ్యి ముట్టించింది. చివరిదాకా తన రెక్కల మీదే బతికింది. ఆ పొడుగాటి పిల్లవాడు తన పెళ్ళికి పిలిచినప్పుడు, "నన్ను పిలిచినవ్ గాబట్టి వస్తాన" అని పోయి తిని వచ్చింది. చాచా దుకాణం ఉన్నచోట ఇప్పుడు ఫ్లెక్సీలు అచ్చువేస్తున్నారు. ఇనప తాళం మా ఇంట్లోనే ఉంది, తాళంచెవి ఎటు పోయిందో తెలియదు. మొన్న గుర్రం మనిషిని స్కిప్ నొక్కి పంపించాక, దాన్ని తీసి, తుప్పు తుడిచి, మనుమరాలికి ఈ కథంతా చెప్పాను. అంతా విని, మరి ఫోనులో ప్రకటన ఇచ్చినవాళ్ళు జవాబు చక్కరుకు ఎప్పుడు వస్తారు తాతా అని అడిగింది. నాకు కోపం రాలేదు, నవ్వు వచ్చింది. వాళ్ళు రారు. వాళ్ళ బదులు కాలం వస్తుంది బిడ్డా అన్నాను. మొదటి చుట్టులో ఎవరెంత అరిచినా, రెండో చుట్టులో అది మైకు బందు పెట్టుకుని, అదే గల్లీకి, అదే వేళకు, మెల్లగా వస్తుంది. అది వచ్చేదాకా గుమ్మంలో కాచుకుని కూర్చునే ఓపిక మనకు ఉండాలి, అంతే.